నాలుగు డబ్బాల టీచరు

ల్యాబ్ నుంచి ఫోను వస్తే ఆ ఇంట్లో ఎవరూ హలో అనరు. అవతలివాళ్ళు అంకె చెప్పేదాకా ఊపిరి బిగబట్టి వింటారు. ఆ రోజు ఫోను ఎత్తింది నానమ్మ. "తొమ్మిది" అన్నారు. ఆమె మళ్ళీ అడిగింది. మళ్ళీ తొమ్మిదే అన్నారు. ఆరు దాటకూడదు.

సోఫా మీద రెండున్నరేళ్ళ మనవరాలు బొమ్మ చెవి కొరుకుతూ కూర్చుంది. ఇంట్లో అందరూ పిచ్చుక అని పిలుస్తారు. ఆ అంకె దాని రక్తంలోది. అది పైనే ఉండిపోతే పిల్ల మెదడు ఎదగదు. ఈ ఒక్క ముక్క చెప్పడానికి పిల్ల పుట్టిన కొత్తలో డాక్టరు అరగంట నీళ్ళు నమిలాడు. నానమ్మకు మాత్రం సగంలోనే అర్థమైపోయింది.

ఎందుకు అర్థమైందో చెప్పాలంటే ఆమె గురించి కాస్త చెప్పుకోవాలి. ఆమె హైస్కూల్లో ముప్పై ఏళ్ళు బయాలజీ చెప్పింది. పిల్లలు ఆమెకు పెట్టిన పేరు నాలుగు డబ్బాల టీచరు. జీవుల ఒంట్లో ఏముంటుందన్న పాఠం వచ్చిందంటే, క్లాసులో అందరికంటే బొద్దుగా ఉన్నవాణ్ణి లేపి నిలబెట్టేది. "వీణ్ణి ఎండబెడితే సగానికి పైగా నీళ్ళే, ఆవిరైపోతాడు. మిగిలింది కాలిస్తే కాసింత బూడిద. ఆ నీళ్ళకీ బూడిదకీ మధ్య ఉన్నదే మన పాఠం" అనేది. పాఠం అయ్యేదాకా ఆ కుర్రాడు ఎండిపోతున్నవాడిలాగే నిలబడేవాడు.

తర్వాత బల్ల మీద నాలుగు పెద్ద రేకు డబ్బాలు పెట్టేది. మొదటిది కార్బోహైడ్రేట్ల డబ్బా. అందులో చక్కెర, పిండి, దూది, చిత్తుకాగితాలు. రెండోది ప్రోటీన్లది. అందులో కత్తిరించిన గోళ్ళు, వెంట్రుకలు, పట్టుదారం, ఎండబెట్టిన గుడ్డు తెల్లసొన. మూడోది కొవ్వులది, అందులో నూనె, నెయ్యి, మైనం. నాలుగో డబ్బా ఖాళీ. "ఇందులో ఏముంది టీచర్?" అని ఎవరో ఒకరు అడక్క మానరు. "మీ తాత ముక్కు" అనేది. క్లాసంతా గొల్లుమన్నాక, ఒంట్లో ఏ ప్రోటీన్ ఎలా తయారవ్వాలో రాసి ఉండే న్యూక్లిక్ ఆమ్లాల గురించి, తాత ముక్కు మనవడికి ఎలా వస్తుందో చెప్పడం మొదలుపెట్టేది.

ఏటా ఒకడు దూది నమిలి, "తియ్యగా లేదు టీచర్, ఇది కార్బోహైడ్రేట్ ఎలా అవుతుంది?" అని లేచేవాడు. ఆమె ఎదురుచూసేది వాడి కోసమే. "తియ్యగా లేకపోతే కాదని నీకెవరు చెప్పారు? నాలుకకి కెమిస్ట్రీ రాదురా, కూర్చో" అనేది. ఈ మాట ఆ ఊళ్ళో రెండు తరాల వాళ్ళకి వచ్చు. కూరలమ్మే దగ్గరా, బస్సులోనూ పాత విద్యార్థులు కనిపిస్తే నమస్కారానికి ముందు ఇదే అప్పజెప్పేవాళ్ళు. ఆమెకు లోపల మహా గొప్పగా ఉండేది. మనిషి మంచిదే గాని, తనకు తెలిసిన విషయం ఇంకొకళ్ళు చెప్పబోతే మాత్రం ఓర్చుకోలేదు. మధ్యలో అందుకుని తానే ముగించేస్తుంది.

రిటైరైన రోజు ఆ డబ్బాలు ఇంటికి తెచ్చుకుంది. ఆ ఏడే పిచ్చుక పుట్టింది. మడమ మీద సూది గుచ్చి తీసిన రక్తపు చుక్కలో తేడా కనపడింది. ప్రోటీన్ అంటే ఇరవై రకాల పూసలతో గుచ్చిన దండ అనుకుంటే, ఫీనైల్ అలనిన్ అనే ఒక రకం పూస పిచ్చుక ఒంట్లో అరగదు. దాన్ని మార్చే ఎంజైమ్ పని చెయ్యదు. ఆ పూస రక్తంలో పేరుకుని మెదడుకి ఎక్కుతుంది. నాలుగో డబ్బాలో ఒక్కచోట రాత తప్పింది, దాంతో రెండో డబ్బాలో ఒక పనివాడు పనికిరాకుండా పోయాడు. డాక్టరు చెప్పేటప్పుడు ఆమె మనసులో ఇలాగే చెప్పుకుంది. ఆ తప్పు తండ్రి నుంచి ఒకటి, తల్లి నుంచి ఒకటి రావాలని కూడా డాక్టరు అన్నాడు. గదిలో ఇద్దరు వియ్యపురాళ్ళూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరూ ఎవరినీ అనడానికి లేదు.

డైటీషియన్ అమ్మాయి ఓపిగ్గా చెప్పడం మొదలుపెట్టింది. పాలు, గుడ్లు, మాంసం, పప్పులు పనికిరావు. అన్నం, బంగాళదుంప తూచి పెట్టాలి. నూనె, చక్కెర, ప్రోటీన్ తీసేసిన పిండి పరవాలేదు. ఆ పూస తీసేసిన మందుపాల పొడి రోజూ కలిపి పట్టాలి.

"తీపి విషయంలో ఇంకొకటి గుర్తుంచుకోవాలమ్మా..." అంటుండగానే నానమ్మ అందుకుంది.

"చక్కెర పెట్టొచ్చు, తెలుసు తల్లీ. అది మొదటి డబ్బా. ముప్పై ఏళ్ళు ఈ పాఠమే చెప్పాను."

డైటీషియన్ నవ్వేసి కాగితాలు సర్దుకుంది. బయట వరసలో ఇంకా చాలామంది ఉన్నారు. టీచరమ్మ ఉన్న ఇల్లు కదా అని ఆ అమ్మాయికి ధైర్యం.

ధైర్యపడటంలో తప్పు లేదు. రెండేళ్ళ పాటు ఆ వంటిల్లు గడియారంలా నడిచింది. అదే నాలుగు డబ్బాలు గట్టు మీదికి ఎక్కాయి. రెండోదానికి తాళం పడింది. కొడుకూ కోడలూ ఉద్యోగాలకు పోతే పిల్ల తిండి అంతా నానమ్మ చేతి మీదే. పక్క వీధిలో పాలబూత్ నడిపే వియ్యపురాలు, పొద్దుటి బేరం ముగించుకుని రోజూ వచ్చేది. గుమ్మంలో చెప్పులు విడిచి, తిన్నగా కుళాయి దగ్గరికి వెళ్ళి మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని గాని మనవరాల్ని ముట్టేది కాదు. ఊరందరి పిల్లలకీ పాలు పోసే మనిషికి సొంత మనవరాలికి చుక్క పోసే యోగం లేదు. ఎప్పుడో ఒకసారి, "ఒక్క చెంచాడు పోస్తే ఏమవుతుంది వదినగారూ, పిల్లంటే పాలే కదా" అంది. అది ఆశ కొద్దీ అన్న మాట. నానమ్మ దాన్ని మర్చిపోలేదు.

ఇక పిచ్చుక పళ్ళ సంగతి. చక్కెరా పిండీ తప్ప ఇంకో గతి లేని పిల్ల కదా, ముందుపళ్ళు గోధుమరంగుకి తిరిగాయి. పళ్ళ డాక్టరు చక్కెర తగ్గించమన్నాడు. నానమ్మకి షుగరు జబ్బు ఉంది. తన టీలో వేసుకునే తీపి పొడి ఒకటి సీసాలో ఉండేది. పళ్ళు పుచ్చవు, తీపికి తీపి. ఆ సీసా తెచ్చి మొదటి డబ్బాలో పెట్టి, పిల్ల నిమ్మరసంలోనూ, పండ్లముక్కల మీదా, ఆఖరికి ముక్కు మూసుకుంటే తప్ప తాగలేని ఆ మందుపాలల్లోనూ దాన్నే వేసింది. మందుపాలకి పిల్ల మొదటిసారి నోరు తెరిచింది. "మీరు లేకపోతే మేమేమైపోయేవాళ్ళం అత్తయ్యా" అంది కోడలు.

ఎండలు ముదిరాయి, నిమ్మరసం పెరిగింది. ఆ రోజుల్లోనే ఆ తొమ్మిది వచ్చింది.

ఎవరో పిల్లకి ప్రోటీన్ పెడుతున్నారు, సందేహం లేదు. తాళం తన దగ్గరే ఉంది. కొడుకూ కోడలూ పగలు ఇంట్లో ఉండరు. ఇక మిగిలింది ఒక్కరే. నానమ్మకి లెక్క అంత తేలిగ్గా తేలిపోయింది.

మర్నాడు వియ్యపురాలు వచ్చి చేతులు కడుక్కుని పిల్లని ఎత్తుకోబోతుంటే, నానమ్మ అడ్డం వచ్చి నిలబడింది.

"చేతులు ఇలా ఇవ్వండి వదినగారూ."

ఏదో గాజులు చూస్తుందనుకుని ఆమె ఇచ్చింది. నానమ్మ ఆ వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.

"పాల వాసన" అంది.

"పాలబూత్ దాని చేతులకి పాల వాసన కాక మల్లెల వాసన వస్తుందా" అని వియ్యపురాలు నవ్వబోయింది. ఎదుటి మొహం చూసి ఆగిపోయింది. "మీరు అడిగేది వేరే ఏదో."

"పిల్ల అంకె తొమ్మిదికి పోయింది. ఒక్క చెంచాడు పోస్తే ఏమవుతుంది అన్నది మీరే."

"అది నా కూతురి కూతురు వదినగారూ."

"అందుకే అడుగుతున్నాను."

కోడలు భుజాన సంచితో గుమ్మం దగ్గర నిలబడి అంతా వింది. అమ్మ తరఫునా మాట్లాడలేదు, అత్త తరఫునా మాట్లాడలేదు. వియ్యపురాలు తన చేతులు తాను వెనక్కి తీసుకుని, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది. ఆ తర్వాత రాలేదు.

పిచ్చుకకి మాత్రం అది మంచి ఆటలా తోచింది. ఆ రోజు నుంచి ఇంటికి ఎవరొచ్చినా రెండు అరచేతులూ ముక్కు ముందు పెట్టేది, వాసన చూడమని. మీటరు రీడింగుకి వచ్చినతను చూసి, "బావుంది పాపా" అని నవ్వి పోయాడు. నానమ్మకి ప్రాణం చివుక్కుమనేది, కానీ తన లెక్క మీద తనకు నమ్మకం. ఈసారి అంకె దిగుతుంది, చూడండి అంది.

పదకొండు వచ్చింది.

రక్తంలో పాతది ఇంకా ఉండి ఉంటుంది అంది. ఆ పైసారి పద్నాలుగు.

అప్పుడు భయం వేసింది. అంకె సంగతి అలా ఉంచితే పిల్లే మారిపోతోంది. ఊరికే చిరాకు, బుగ్గల మీద దురద. పిలిస్తే తిరగడం లేదు. కిటికీలోంచి కనపడిన ప్రతిదాన్నీ "బస్సు, బస్సు" అని చూపించే పిల్ల, ఎదురుగా బస్సు ఆగినా దాన్ని చూస్తూ కూర్చుంటోంది. నానమ్మ ఆ కిటికీ దగ్గర నిలబడి, "పిచ్చుకా, అది ఏంటమ్మా?" అని మళ్ళీ మళ్ళీ అడిగేది. జవాబు వచ్చేది కాదు.

"కొత్తగా ఏమైనా మొదలుపెట్టారా?" అని డాక్టరు అడిగాడు.

"ఏమీ లేదండీ" అంది. అబద్ధం చెప్పాలని కాదు. మొదటి డబ్బాలోది తీసి మొదటి డబ్బాలోదే పెట్టిన దాన్ని ఆమె మార్పుగా అనుకోలేదు.

"అయితే రేపు తీసుకొచ్చి వార్డులో చేర్పించండి. తిండి మేమే పెట్టి చూస్తాం" అన్నాడు.

ఇంటికి వచ్చాక కోడలు పిల్ల బట్టలు సర్దుతూ, తల ఎత్తకుండానే అంది. "అత్తయ్యా, మా అమ్మ రావడం మానేసి నెల దాటింది. మరి ఇప్పుడు ఎవరి చేతులు వాసన చూద్దాం?"

కొడుకు, "ఇప్పుడవన్నీ ఎందుకు" అని గొణిగి బయటికి పోయాడు.

ఆ మధ్యాహ్నం పిల్లని పడుకోబెట్టి, ఆమె వంటింటి తలుపు దగ్గరికి వేసుకుంది. నాలుగు డబ్బాలూ దించి నేల మీద బోర్లించింది. తాను పొరపాటు పడలేదని రుజువు కావాలి, అంతే. లేకపోతే పొరపాటు ఏదో దొరకాలి. క్లాసులో చేసినట్టే ఒక్కో వస్తువూ చేతిలోకి తీసుకుని, ఇది ఏది, ఎందుకు అని పైకి అనుకుంటూ వరసల్లో పెట్టింది. నూనె, కొవ్వు. సందేహం లేదు. పిండి, కార్బోహైడ్రేట్. ప్రోటీన్ తీసేసిన పిండే అని సంచి మీద మళ్ళీ చదివింది. మందుపాల పొడి డబ్బా తిప్పి తిప్పి చూసింది. చక్కెర. అన్నీ వాటి వాటి చోట కుదురుగా కూర్చున్నాయి.

ఆఖరికి చేతిలో తీపి పొడి సీసా మిగిలింది. చక్కెర పక్కన పెట్టబోతూ అలవాటు కొద్దీ అడిగింది.

"ఇది కార్బోహైడ్రేట్. ఎందుకు?"

"తియ్యగా ఉంటుంది కాబట్టి."

ఆ జవాబు ఆమె నోట్లోంచే వచ్చింది. ఆమె చెయ్యి గాలిలో ఆగిపోయింది. క్లాసులో ఎవడైనా ఆ మాట అని ఉంటే బెంచీ ఎక్కించేది. తియ్యగా లేనిదల్లా కార్బోహైడ్రేట్ కాకుండా పోదని ముప్పై ఏళ్ళు గొంతు చించుకుంది. తియ్యగా ఉన్నదల్లా కార్బోహైడ్రేట్ అవుతుందా అని ఏ పిల్లవాడూ అడగలేదు, తనూ తనను అడుక్కోలేదు.

ఈ పొడి తను రోజూ టీలో వేసుకుంటుంది. షుగరు పెరగడం లేదు. పెరగదనే గదా వేసుకునేది. ఇది చక్కెర జాతిదే అయితే తన రక్తంలో చక్కెర పెరగాలి కదా. మరి ఇది చక్కెర కాకపోతే ఏమిటి?

కళ్ళజోడు తెచ్చుకుని, సీసాని కిటికీ వెలుతురులోకి పట్టుకుంది. వెనకవైపు, ధర కింద, చీమ తలకాయలంత అక్షరాలు. ఆస్పర్టేమ్ అని ఉంది. దాని కింద ఇంకా చిన్నగా, ఇందులో ఫీనైల్ అలనిన్ ఉంది, ఫీనైల్‌కీటోనూరియా ఉన్నవారు వాడరాదు అని ఉంది. పిచ్చుక జబ్బు పేరే అది.

రెండు పూసలు కలిపి గుచ్చిన చిన్న ముక్క అది. అందులో ఒక పూస పిచ్చుకని తినేస్తున్న పూసే. రెండో డబ్బాలో తాళం వేసి ఉంచాల్సిన దాన్ని తీపి చూసి మొదటి డబ్బాలో పెట్టింది. రోజూ, తన చేత్తో, ముద్దు చేస్తూ తాగించింది. తీపి విషయంలో ఇంకొకటి గుర్తుంచుకోవాలమ్మా అన్న డైటీషియన్ గొంతు రెండేళ్ళ తర్వాత ఇప్పుడు వినపడింది. ఆ అమ్మాయిని ఆ వాక్యం పూర్తి చెయ్యనివ్వలేదు తను.

ఆ డబ్బాల మధ్యే కూలబడింది. సీసా చెత్తబుట్టలో పారేస్తే ఎవరికీ తెలియదన్న ఆలోచన కూడా వచ్చింది. రాలేదంటే అబద్ధం. రేపు పిల్ల వార్డుకి పోతుంది, అక్కడ పొడి ఉండదు, అంకె దిగుతుంది. ఎందుకు పెరిగిందో ఎవరికీ తెలియకుండానే పోతుంది. అనుమానం మాత్రం పాలబూత్ ఆవిడ మీదే ఉండిపోతుంది, అంతే. ఆ "అంతే" దగ్గర ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది. లేచి డైటీషియన్‌కి ఫోను చేసింది.

ఆ అమ్మాయి అంతా వింది. "ఆ రోజు అదే చెప్పబోయానమ్మా" అంది. "మీరు టీచరు కదా, తెలిసే ఉంటుందనుకున్నాను. నేనైనా ఆగి చెప్పాల్సింది. ఇప్పుడే ఆపెయ్యండి, దిగుతుంది."

"పిల్లకి పోయింది తిరిగొస్తుందా?"

"కొన్ని వారాలే కదమ్మా. వస్తుందనే అనుకుంటున్నాను. ముందు దిగనివ్వండి."

సాయంత్రం కొడుకు ఆ సీసా చదివి కుర్చీలో కూర్చుండిపోయాడు. కోడలు చదివింది. అరుస్తుందనుకుంది నానమ్మ, అరిచినా బాగుండేది. "నేనూ చదవలేదు అత్తయ్యా, మీరు పెట్టారు కదా అని" అంది కోడలు. కళ్ళు తుడుచుకుని, "మా అమ్మకి మాత్రం మీరే చెప్పాలి" అంది.

అప్పటికప్పుడే నానమ్మ పిల్లని చంకనేసుకుని బయల్దేరింది. సాయంత్రం బేరం వేళ. బూత్ ముందు నలుగురైదుగురు గిన్నెలతో నిలబడి ఉన్నారు. వాళ్ళలో ఒకడు తన పాత విద్యార్థి, "టీచర్, నాలుకకి కెమిస్ట్రీ..." అని మొదలుపెట్టాడు. "నాకూ రాదు లేరా" అంది ఆమె. వాడికేమీ అర్థం కాలేదు.

వియ్యపురాలు చూసింది. చూసి, కొలపాత్రతో పాలు పోస్తూనే ఉంది. నానమ్మ సీసా తీసి బల్ల మీద పెట్టింది. మనుషులు పోయేదాకా ఆగుదామనుకుంది గాని, ఆ రోజు చేతులు వాసన చూసినప్పుడు తను ఆగలేదు కదా అని గుర్తొచ్చింది.

"వదినగారూ, మీరు ఒక్క చుక్క కూడా పొయ్యలేదు. పోసింది నేను. ఈ పొడిలోనే ఉంది అది. రోజూ చెంచాలతో వేశాను." చంకలో పిల్లని సర్దుకుని, ఖాళీగా ఉన్న చెయ్యి బల్ల మీదుగా చాపింది. "నాది చూడండి."

అందరి ముందూ వియ్యపురాలు ఆ చెయ్యి పట్టుకుంది. తొందరేమీ పడకుండా ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.

"నిమ్మకాయ" అంది. చెయ్యి వదిలేసి, "ఈ నెలలో ఎన్నిసార్లు మీ వీధి చివరిదాకా వచ్చి వెనక్కి వెళ్ళానో మీకు తెలియదు" అంది.

పిచ్చుక ఈలోగా తన ఆట మొదలుపెట్టి, రెండు అరచేతులూ అమ్మమ్మ వైపు చాపింది. వియ్యపురాలు వెంటనే అందుకోలేదు. కొలపాత్ర పక్కన పెట్టి, వెనక కుళాయి దగ్గరికి వెళ్ళి, మోచేతుల దాకా సబ్బు రాసి కడుక్కుంది. ఎప్పటిలాగే కడుక్కుంది. పాలకి వచ్చినవాళ్ళు గిన్నెలు పట్టుకుని ఎదురుచూశారు. తడి చేతులతో వచ్చి, నానమ్మ మొహం ముందు ఆగింది, కావాలంటే చూసుకోమన్నట్టు. నానమ్మ తల అడ్డంగా ఊపి, పిల్లని ఆ చేతుల్లో పెట్టింది.

వార్డులో ఉన్న వారం రోజులూ ఇద్దరూ వంతులేసుకుని పిల్ల దగ్గర కూర్చున్నారు. ఇంటికి వచ్చాక ఫోను మోగింది. ఈసారి ఎత్తింది అమ్మమ్మ. హలో అనలేదు. విని, పెట్టేసి, "ఏడు" అంది. "ఇంకా దిగుతుందట."

నానమ్మ గోడకి చేరబడి అలాగే కిందికి జారి కూర్చుంది. ఏడుపు ఆపుకోలేదు. పొద్దుటి బేరం కాగానే వచ్చిన అమ్మమ్మ ఒళ్ళోనే ఉన్న పిచ్చుక దిగి వచ్చి, ఆ తడి మొహం ముందు రెండు చేతులూ పెట్టింది. నానమ్మ వాసన చూసింది. సబ్బు వాసన కింద, పోనే పోని పాల వాసన. ఆమె ఆ చేతుల్ని అలాగే మొహానికి ఆనించుకుని ఉండిపోయింది.